చలి ఉన్నప్పుడు ఓడ ఉండదు

ధనుర్మాసంలో తెల్లవారకముందే తిరుపతి గోవిందరాజస్వామి గుడికి వెళ్ళొచ్చేవాళ్ళలో మా పెద్దమ్మ ఒకరు. అలాంటి ఒక ఉదయం ఇంటికి తిరిగొచ్చి, శాలువా విప్పకుండానే కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని, "చెన్నైలో ఓడ ఎక్కించుకుని రెండు రాత్రులు సముద్రంలో తిప్పి మళ్ళీ అక్కడే దించుతారట కదరా. ఈ చలి ఉండగానే వెళ్ళొద్దాం. ఎండలు ముదిరితే నావల్ల కాదు" అంది.

ఆ కోరికను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఘాట్ రోడ్డు ఎక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి ఊటీ, కొడైకెనాల్ మాట ఎత్తడానికి లేదు. విమానాశ్రయంలో నడవాల్సిన దూరం తలచుకుంటేనే ఆమెకు నీరసం. ఓడలో అయితే పెట్టె ఒకసారి గదిలో పెడితే మళ్ళీ దిగేటప్పుడే తీయాలి. ఊళ్ళు మారినా మంచం మారదు. పైగా రేవు ఎక్కడో లేదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడున్నర గంటల్లో చెన్నై సెంట్రల్, అక్కడి నుంచి ఓడరేవుకు ఆటోలో కాసేపు.

ఆమె మాటలో చలి ఉంది, దగ్గరితనం ఉంది, ఓడ ఉంది. విడివిడిగా చూస్తే మూడూ నిజమే, ఒకచోటికి తెచ్చేసరికి చిక్కు పడుతుంది. అంతకు రెండేళ్ళ ముందు ఒక జూలైలో నేనే చెన్నై నుంచి ఓడ ఎక్కాను. అప్పుడు సెలవు దొరికింది, వెళ్ళాను, అంతే. జూలైలోనే ఎందుకు దొరికిందని అడగలేదు. పెద్దమ్మ అడిగాక ఆ లెక్క మొదలుపెట్టాను.

సముద్రం నిజంగా చల్లగా ఉంటుందా?

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చల్లదనం అంటే కొండ గుర్తొస్తుంది. హార్సిలీ హిల్స్ సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు పైకి వెళ్తే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే మదనపల్లెలో చెమటలు పట్టే రోజున కూడా పైన ఫ్యాను అవసరం పడదు. కొండ చల్లదనానికి కారణం ఎత్తు.

సముద్రం సంగతి పూర్తిగా వేరు. నీరు వేడెక్కడానికి చాలా సమయం తీసుకుంటుంది, చల్లారడానికీ అంతే. బంగాళాఖాతం ఉపరితలం జనవరిలో దాదాపు 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే, మే నెలలో 29, 30కి చేరుతుంది. ఏడాది మొత్తం మీద ఊగేది మూడు నాలుగు డిగ్రీలు. దాని మీది గాలి కూడా నీటి ఉష్ణోగ్రతకు దగ్గర్లోనే ఉండిపోతుంది. తిరుపతిలో చూడండి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, జనవరి తెల్లవారుజామున 17, 18. సముద్రం ఈ రెండు చివర్లనూ కోసేస్తుంది.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, పెద్దమ్మ శాలువా కప్పుకున్న ఆ డిసెంబరు తెల్లవారుజామున నడిసముద్రంలో ఉన్నవాళ్ళకు శాలువా అక్కర్లేదు. అక్కడ తిరుపతి కంటే వెచ్చగా ఉంటుంది. జూన్ మధ్యాహ్నం సంగతి దీనికి తలకిందులు. తిరుపతి రోడ్డు మీద కాళ్ళు కాలుతుంటే, తీరానికి యాభై కిలోమీటర్ల దూరంలో ఓడ మీద పది డిగ్రీల దాకా తక్కువ ఉండవచ్చు. సముద్రం మనకు చల్లగా అనిపించేది చలికాలంలో కాదు, ఎండాకాలం చివర్లో. పెద్దమ్మకు ఈ మాట చెబితే ముందు నమ్మలేదు. మెరీనాలో ఎండాకాలం సాయంత్రం జనం ఎందుకు చేరతారని అడిగితే ఆలోచనలో పడింది.

తేమ మాత్రం ఏ నెలలోనూ వదలదు. ఉప్పు తేమ బట్టలకు, జుట్టుకు, కళ్ళజోడుకు పట్టుకుంటుంది. దాన్ని భరించదగ్గదిగా చేసేది గాలి. ఆ గాలిలో సగం సముద్రానిది, సగం ఓడ తనకు తానే పుట్టించుకునేది. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. ఓడ 15 నాట్ల వేగంతో వెళ్తుంటే గంటకు 28 కిలోమీటర్లు అన్నమాట. గాలి లేని రోజున కూడా డెక్కు మీద నిలబడితే మోపెడ్ మీద పోతున్నట్టుగా ముఖానికి గాలి కొడుతుంది. ఎదురుగాలి ఉంటే రెండూ కలుస్తాయి. వెనుక నుంచి వీచే గాలి ఓడ వేగంతో సమానంగా ఉంటే, ఒకదానికొకటి చెల్లిపోయి డెక్కు మీద ఆకు కదలనంత నిశ్శబ్దం.

నేను జూలైలో వెళ్ళినప్పుడు దీన్ని కళ్ళారా చూశాను. మొదటి సాయంత్రం ఓడ ఉత్తరంగా వెళ్తోంది, గాలి నైరుతి నుంచి వీస్తోంది. జెండా తడిగుడ్డలా వేలాడుతోంది. పై డెక్కులో కుర్చీలు వేసుకున్నవాళ్ళందరూ విసురుకుంటూ, "సముద్రంలోకి వచ్చినా ఈ ఉక్కపోత ఏమిటి" అని గొణుక్కుంటున్నారు. చీకటి పడ్డాక ఓడ నెమ్మదిగా తిరిగింది. తిరుగుతున్నట్టు తెలియలేదు, ఆకాశంలో చంద్రుడు ఎడమ వైపు నుంచి కుడి వైపుకు జరిగినట్టనిపించింది. రెండు నిమిషాల్లో కాగితపు కప్పులు ఎగిరిపోయాయి. ఒకావిడ పమిట పక్కనున్న పెద్దాయన ముఖాన్ని మొత్తం కప్పేసింది. జనం లోపలికి పరుగెత్తారు. కెప్టెన్ దిశ మార్చాడు తప్ప సముద్రంలో ఏమీ మారలేదు.

క్యాలెండరులో పడిన ముడి

ఇక నెలల సంగతి. తిరుపతివారు చలికాలం అనుకునేది కార్తీకంతో మొదలవుతుంది. సరిగ్గా అదే సమయంలో ఈశాన్య రుతుపవనాలు మన వైపుకు వస్తాయి. అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు సగం దాకా బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు వరస కడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు, కపిలతీర్థం దగ్గర జలపాతం మెట్ల మీదికి విరుచుకుపడినప్పుడు ఆ వానలు పుట్టింది ఆ సముద్రంలోనే. వర్ధా తుఫాను చెన్నైని తాకింది 2016 డిసెంబరు 12న. మాండూస్ మహాబలిపురం దగ్గర తీరం దాటింది 2022 డిసెంబరు 9న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న, అంతకుముందు చెన్నైని ముంచి మరీ వెళ్ళింది. ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరికి వచ్చింది 2024 నవంబరు 30న.

ఈ తేదీలన్నీ మనం పెట్టెలోంచి శాలువాలు తీసే రోజులే. తుఫాను రాకపోయినా ఈశాన్యం నుంచి వీచే గాలి బంగాళాఖాతం పొడవునా అలలను పోగుచేసుకుంటూ సూటిగా మన తీరం మీదికి తెస్తుంది. నాగపట్నం నుంచి శ్రీలంకలోని కాంకేసన్‌తురైకి 2023 అక్టోబరు 14న ఫెర్రీ సర్వీసు ప్రారంభమైంది. కొద్ది రోజులకే ఆ ఏటికి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది మరుసటి ఆగస్టులో. ఈశాన్య రుతుపవనం వస్తుందని తెలిసిన క్యాలెండరు ముందు రిబ్బను కత్తిరింపు నిలబడలేదు.

అయితే జనవరి నుంచి మార్చి దాకా మన వైపు సముద్రం బాగానే ఉంటుంది. వానలు పోతాయి, గాలులు తగ్గుతాయి, రాత్రి డెక్కు మీద కూర్చుంటే హాయిగా ఉంటుంది. పెద్దమ్మ కోరుకున్న చలి కాకపోయినా ఆమె కోరుకున్న సుఖం ఉంటుంది. ఆ నెలల్లో లేనిది ఓడ.

ఎందుకు లేదో తెలియాలంటే పడమటి తీరం వైపు చూడాలి. అక్టోబరు నుంచి మే దాకా అరేబియా సముద్రం, ముఖ్యంగా ముంబై నుంచి గోవా, కొచ్చి దాకా ఉన్న తీరం, చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. ముంబైలో డబ్బుంది, గోవాకు పేరుంది, లక్షద్వీప్‌కు నీలం నీళ్ళున్నాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం గిరాకీ అంతా అటే. ఓడ యజమాని అక్కడే ఉంచుతాడు. జూన్ రాగానే నైరుతి రుతుపవనం పడమటి తీరం మీద విరుచుకుపడుతుంది. అక్కడ వినోద నౌక తిప్పడం కుదరదు. అప్పుడు ఓడ కన్యాకుమారిని, శ్రీలంకను చుట్టి చెన్నై వస్తుంది.

నైరుతి రుతుపవనం బంగాళాఖాతం మీద కూడా వీస్తుంది కదా, మరి చెన్నై ఎలా పనికొస్తుంది? పడమటి కనుమలు దాటి, తమిళనాడు నేల మీదుగా వచ్చే ఆ గాలి మన తీరంలో నేల వైపు నుంచి సముద్రం వైపుకు వీస్తుంది. అల పెరగాలంటే గాలికి నీటి మీద చాలా దూరం పరుగెత్తే అవకాశం ఉండాలి. నేల మీంచి అప్పుడే నీటి మీదికి దిగిన గాలికి ఆ దూరం దొరకదు. అందుకే తీరానికి దగ్గర్లో, నడి బంగాళాఖాతం కల్లోలంగా ఉన్న రోజుల్లో కూడా, ఓడ నడపగలిగేంత నెమ్మది ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే పొడవాటి కెరటం మాత్రం అడుగునుంచి మెల్లగా ఊపుతూనే ఉంటుంది. నా పక్క గదిలోని కొత్త దంపతులు మొదటి రాత్రి భోజనానికి రాకపోవడానికి కారణం అదే.

కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడతో భారత తీరంలో ప్రయాణాలు మొదలుపెట్టింది 2021 సెప్టెంబరులో. అది చెన్నై నుంచి తొలిసారి బయల్దేరింది 2022 జూన్‌లో. ఆ తర్వాత కనిపించిన పద్ధతి అదే. వేసవి చివర, వానాకాలంలో తూర్పు తీరం, చల్లని నెలల్లో పడమటి తీరం. ఏడాదికేడాది తేదీలు మారతాయి, టికెట్టు కొనేముందు ఆ ఏటి షెడ్యూలు చూసుకోవాలి. కానీ దాని వెనకున్న గాలుల లెక్క మారదు.

ఓడలు అరడజను ఉంటే ఒకటి మనకు మిగిలేది. దేశంలో ఈ వ్యాపారం మొన్నటిదాకా ఒక ఓడ చుట్టూనే తిరిగింది. ముంబై, గోవాల మధ్య ఆంగ్రియా అనే ఓడ 2018 అక్టోబరులో మొదలైంది. 2019లో కర్ణిక అనే ఓడతో వచ్చిన జలేష్ సంస్థ 2020లో కోవిడ్ దెబ్బకు మూతపడింది. ఇప్పటి ఎంప్రెస్ కొత్తదేమీ కాదు. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో అమెరికా వైపు తిరగడం మొదలుపెట్టిన నౌక. దాని పరిమాణం దాదాపు 48,500 గ్రాస్ టన్నులు. ఇది ఓడ బరువు అనుకునేవారు చాలామంది. నిజానికి ఇది లోపల ఉన్న మొత్తం చోటుకు కొలత. అంటే ఎంత విశాలమైన ఓడో చెబుతుంది తప్ప ఎంత బరువో చెప్పదు. నార్వేజియన్ స్కై, నార్వేజియన్ సన్ అనే మరో రెండు నౌకలను కార్డీలియా అద్దెకు తెచ్చుకుంటున్నట్టు 2025లో ప్రకటన వచ్చింది. అవి వచ్చి నిలిస్తే జనవరిలో చెన్నైకి ఒక ఓడ దక్కే ఆశ ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి కూడా కదలిక లేకపోలేదు. విశాఖపట్నంలో 96.05 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2024 సెప్టెంబరు 30న మొదలైన క్రూయిజ్ భారత్ మిషన్ 2029 కల్లా ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేస్తామంటోంది. నా ఉద్దేశంలో టెర్మినల్ కట్టడం ఇందులో తేలిక పని. ఏడాది పొడవునా దానికి ఓడను రప్పించడం కష్టమైనది.

వాళ్ళ తీరం, మన తీరం

చల్లని వాతావరణంలో, ఇంటికి దగ్గర్లో, తీరం వెంబడి ఓడ ప్రయాణం అనే ముచ్చట మనం కనిపెట్టింది కాదు. నార్వేలో తీరం వెంబడి ఉత్తరానికి టపా, సరుకు, మనుషులను మోసే ఓడలు 1893 నుంచి ఉన్నాయి. అమెరికావాళ్ళు సియాటిల్‌కు కారులో వెళ్ళి అక్కడి నుంచి అలాస్కా ఓడ ఎక్కుతారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆకులు ఎర్రబడే కాలంలో ఈశాన్య అమెరికా, కెనడా రేవుల వెంట మరో వరస ఓడలు నడుస్తాయి.

అక్కడ చలి ఒక ఆకర్షణ కావడానికి కారణం నేల ఆకారం. నార్వేలో సముద్రం కొండల మధ్య ఇరుకు సందుల్లోకి చొచ్చుకుపోతుంది. అలాస్కా వైపు దీవుల చాటున ఓడలు వెళ్ళే దారి ఉంది. రెండు చోట్లా ఇరుపక్కలా కొండలు, వాటి మీద మంచు, మధ్యలో చెరువులాంటి నీరు. కోటు తొడుక్కుని, వేడి కాఫీ పట్టుకుని డెక్కు మీద నిలబడితే చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. కొండలు గాలిని, అలను కూడా అడ్డుకుంటాయి. చలి, నెమ్మది, దృశ్యం మూడూ ఒకే చోట దొరుకుతాయి.

మన తీరం గీత గీసినట్టు ఉంటుంది. నెల్లూరు నుంచి చెన్నై దాకా ఇసుక, సరుగుడు తోపులు, తాటిచెట్లు, ఉప్పుమళ్ళు. ముప్పై మీటర్ల ఎత్తున్న డెక్కు మీద నిలబడితే దిగంతం దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తాటిచెట్టు ఎత్తును కలుపుకున్నా ముప్పై, నలభై కిలోమీటర్లు దాటాక తీరం నీళ్ళలో మునిగిపోయినట్టే. ఆ తర్వాత నీరు, ఆకాశం, మధ్యలో అప్పుడప్పుడు ఒక సరుకుల ఓడ. దీన్ని విసుగు అనేవాళ్ళున్నారు, మనశ్శాంతి అనేవాళ్ళున్నారు. నేను మొదటి రోజు మొదటి వర్గంలోనూ, రెండో రోజు రెండో వర్గంలోనూ ఉన్నాను.

విశాఖ ఒక్కటే దీనికి మినహాయింపు. డాల్ఫిన్స్ నోస్ సుమారు 350 మీటర్ల కొండ. లెక్క ప్రకారం గాలి తేటగా ఉంటే ఎనభై కిలోమీటర్ల దూరం నుంచే దాని తల కనిపించాలి. చెన్నై నుంచి వెళ్ళే ఓడకు తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి స్వాగతం చెప్పే చోటు అదే. 2025 జూన్, జూలై నెలల్లో చెన్నై, విశాఖపట్నం, పుదుచ్చేరిలను కలుపుతూ ఎంప్రెస్ తిరిగింది. పుదుచ్చేరికి 2022లో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అక్కడ ఇంత పెద్ద ఓడ ఆనుకోవడానికి లోతైన రేవు లేదు, దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు టికెట్టు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఓడ ఒడ్డుకు ఆనుకుంటుందా, లేక ఊగే పడవలోకి దిగాలా?

అమెరికావాళ్ళ "దగ్గరి" ప్రయాణాల్లో ఒక చట్టపు మెలిక కూడా ఉంది. 1886 నాటి అక్కడి చట్టం ప్రకారం విదేశీ ఓడలు ఒక అమెరికా రేవు నుంచి మరో అమెరికా రేవుకు ప్రయాణికులను చేరవేయకూడదు. పెద్ద వినోద నౌకల్లో దాదాపు అన్నీ విదేశీ జెండా కిందే తిరుగుతాయి. కాబట్టి సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడ కెనడాలో ఎక్కడో ఒకచోట ఆగి తీరాలి. 2021లో కోవిడ్ వల్ల కెనడా రేవులు మూసేస్తే, అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా తాత్కాలిక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. తీరరవాణాను సొంత జెండా ఓడలకే ఉంచుకోవాలనే ఆలోచన మన నౌకా చట్టంలోనూ ఉంది. వినోద నౌకల విషయంలో మనవాళ్ళు దాన్ని సడలించారు కాబట్టి చెన్నైలో ఎక్కి విశాఖలో దిగే ఏర్పాటు సాధ్యమవుతోంది.

ఎక్కడికీ వెళ్ళని ఓడ

చెన్నై నుంచి అమ్మే రెండు రాత్రుల టికెట్లలో కొన్ని ఏ ఊరికీ వెళ్ళవు. సముద్రంలోకి వెళ్ళి, తిరిగి, వచ్చేస్తాయి. పెద్దమ్మ విన్నది ఈ రకం గురించే. "తిప్పి తీసుకొస్తారు" అన్న మాట అక్షరాలా నిజం.

ఇది మోసం కాదు, గణితం. ఓడ వేగాన్ని రెట్టింపు చేస్తే గంటకు తాగే ఇంధనం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. సముద్రం మీద చెన్నై నుంచి విశాఖ సూటిగా 600 కిలోమీటర్ల పైమాటే. 15 నాట్లతో వెళ్తే దాదాపు 22 గంటలు. రెండు రాత్రుల్లో వెళ్ళి, ఊరు చూపించి, వెనక్కి రావాలంటే ఇంజన్లను గట్టిగా తోలాలి. నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే ఇంధనం మిగులుతుంది, మరో రేవుకు కట్టే రుసుము మిగులుతుంది, శుక్రవారం సాయంత్రం ఎక్కినవాళ్ళు ఆదివారం దిగి సోమవారం ఆఫీసుకు వెళ్తారు. ప్రయాణికుడికి సెలవు మిగులుతుంది, కంపెనీకి డబ్బు మిగులుతుంది.

ఓడకు టికెట్టు ఒక్కటే రాబడి కాదు. ఈ వ్యాపారం ప్రపంచమంతటా నడిచే తీరు ఇది. భోజనం, గది, ఆటపాటలు టికెట్టులో కలిపి, మద్యం, ప్రత్యేక హోటళ్ళు, ఇంటర్నెట్, ఫొటోలు, ఒడ్డున తిప్పే బస్సులు విడిగా అమ్ముతారు. ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక గదిలో ఇద్దరు ఉన్నప్పుడు ఒక్కొక్కరిది. ఒంటరిగా వెళ్ళేవారు దాదాపు ఇద్దరి సొమ్మూ కట్టాల్సి రావచ్చు. రేవు రుసుము, సిబ్బందికి ఇచ్చే బహుమానపు సొమ్ము, జీఎస్టీ పైన చేరతాయి. కాబట్టి పోల్చుకోవాల్సింది ప్రకటనలోని అంకెను కాదు, దిగేటప్పుడు చేతికొచ్చే బిల్లును. కాసినో తెరిచేది తీరానికి 12 నాటికల్ మైళ్ళు, అంటే 22 కిలోమీటర్లు దాటాక. అక్కడితో దేశ ప్రాదేశిక జలాలు అయిపోతాయి. గుండ్రంగా తిరిగే ఓడ అంత దూరం ఎందుకు వెళ్తుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

గది ఎంపిక గురించి ఒక్క ముక్క. బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు పెట్టి పై అంతస్తులో, ఓడ ముక్కు దగ్గర తీసుకునేవాళ్ళు ఊపును కూడా ఎక్కువగా కొనుక్కుంటున్నట్టే. ఉయ్యాల బల్ల చివర కూర్చున్నవాడు పైకి కిందికి పోతాడు, మధ్యలో కూర్చున్నవాడు కదలడు. ఓడ కూడా అంతే. కడుపులో తిప్పే అలవాటున్నవారు కింది అంతస్తులో నడిమధ్య గది అడగాలి, ఖాళీ కడుపుతో ఉండకూడదు, తల తిరుగుతున్నట్టనిపిస్తే ఫోను చూడటం మాని దిగంతాన్ని చూడాలి. చెవిలోపలి సమతూకపు అవయవం ఊగుతున్నామని చెబుతుంటే, కన్ను గది గోడను చూసి కదలడం లేదని చెబుతుంది. ఆ తగాదా తీర్చగలిగింది దిగంతమే. మందు బిళ్ళ వేసుకోవాలంటే వైద్యుణ్ణి అడిగి, ఓడ కదలకముందే వేసుకోవాలి.

తిరుపతివాడికి దొరికే సుఖం

ఇంత చిక్కున్నా తిరుపతివాళ్ళకు ఈ ప్రయాణం ఎందుకు అంత ఊరిస్తుందో నాకు ఓడలో రెండో రోజు తెలిసింది.

తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాలకు కొదవ ఉండదు. బ్రహ్మోత్సవాలకు కొందరు, వైకుంఠ ఏకాదశికి కొందరు, పిల్లల పుట్టువెంట్రుకలకు కొందరు. రానివాళ్ళు ఫోను చేస్తారు. దర్శనం టికెట్లు దొరుకుతాయా, కొండ మీద గది దొరుకుతుందా, తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా. మనకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరని చెబితే నమ్మరు. ఏడాదంతా మనం ఆతిథ్యమిచ్చేవాళ్ళమే, అతిథులం కాము.

ఓడ రేవు దాటిన కొద్దిసేపటికి ఫోనులో గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి మాయమయ్యాయి. ఓడలో డబ్బు కడితే ఇంటర్నెట్ ఇస్తారు, నేను కట్టలేదు. మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం సుప్రభాతం వేళకు మెలకువ వచ్చింది. డెక్కు మీదికి వెళ్తే ఎవరూ లేరు. రాత్రి కురిసిన ఉప్పు మంచుకు కొయ్య నేల నల్లగా మెరుస్తోంది. రెయిలింగు మీద చెయ్యి పెడితే జిగురుగా అంటుకుంది. ఒక కుర్రాడు పొడవాటి కర్రకు కట్టిన రబ్బరుతో నీటిని తోసుకుంటూ వచ్చి, నా కాళ్ళ దగ్గర ఆగి, పక్కకు జరగమన్నట్టు నవ్వాడు. జరిగాను. ఆ రోజంతా నేను చేసిన పని అదొక్కటే అని చెప్పవచ్చు. ఎవరికీ టికెట్టు ఇప్పించలేదు, ఎవరినీ రైల్వే స్టేషనులో దించలేదు, ఎవరికీ లడ్డూలు పంపలేదు.

దగ్గరితనానికి విలువ ఇక్కడ ఉంది. సింగపూర్ వెళ్ళి ఓడ ఎక్కినా ఇదే సుఖం దొరుకుతుంది కానీ, దానికి ముందు పాస్‌పోర్టు, వీసా, విమానం, అలసట అన్నీ కావాలి. నాలుగు గంటల్లో రేవు చేరితే, సుఖం మొదటి సాయంత్రమే మొదలవుతుంది. విమానపు పొగ కూడా తప్పుతుంది, నిజమే. అలాగని ఓడను పచ్చటి ప్రయాణం అనుకోనక్కర్లేదు. అది లంగరు వేసి ఉన్నప్పుడు కూడా ఏసీలకు, వంటశాలలకు కరెంటు కోసం ఇంజన్లు నడుస్తూనే ఉంటాయి. ఓడ ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలన్న అంతర్జాతీయ నిబంధన 2020 జనవరి 1 నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది.

పెద్దమ్మకు చివరికి చెప్పింది ఇది. ఓడ కావాలంటే జూన్ తర్వాత చూద్దాం, తిరుపతి ఎండ నుంచి పారిపోవడానికి అదే సరైన సమయం. శాలువా కప్పుకుని నీటి మీద తిరగాలంటే మాత్రం చెన్నై దాకా కూడా అక్కర్లేదు.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు నూటపదకొండేళ్ళ పాటు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, తడ వైపు కలిసి తిరుపతి జిల్లాకు తీరం వచ్చింది. దాంతోపాటు పులికాట్ సరస్సూ వచ్చింది, దేశంలో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సు. 19వ శతాబ్దంలో ఈ తీరం వెంట తవ్విన బకింగ్‌హామ్ కాలువలో సరుకులతో, మనుషులతో మద్రాసుకు పడవలు నడిచేవి. మనవాళ్ళకు తీరం వెంబడి ప్రయాణం అప్పట్లో విలాసం కాదు, సంతకు వెళ్ళే దారి.

జనవరిలో ఒక ఆదివారం శ్రీకాళహస్తి మీదుగా తడ వెళ్ళి, భీమునివారిపాలెం దగ్గర పడవ ఎక్కాం. నీటి లోతు చాలాచోట్ల నడుము దాకా కూడా లేదు. పడవవాడు మోటారు ఆపేసి వెదురు గెడతో బురదలో పొడుస్తూ తోశాడు. గెడ పైకి తీసిన ప్రతిసారీ నల్లటి బురద, సన్నటి గవ్వలు జారిపడ్డాయి. దూరంగా నీటి అంచున లేత గులాబీ రంగు గీత. దగ్గరకు వెళ్తున్నకొద్దీ ఆ గీతకు కాళ్ళు వచ్చాయి, మెడలు వచ్చాయి. ఫ్లెమింగోలు తల నీళ్ళలో తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి. గాలి చల్లగా ఉంది. పెద్దమ్మ శాలువా చెవుల దాకా లాక్కుని, తూర్పు వైపు చూస్తూ, "ఓడ ఇక్కడి నుంచి కనిపిస్తుందా?" అని అడిగింది.

"మధ్యలో శ్రీహరికోట అడ్డం కదా పెద్దమ్మా" అన్నాను.

అది లేకపోయినా కనిపించదు. ఆ వారం ఆ ఓడ గోవా వైపు ఉంది.